వెనుదిరగని వెలుగు

ఉద్దేశం

ప్రకృతి నియమాలను తెలుసుకోవడం ఒక ఎత్తు. ఆ నియమాలు ఏ షరతులకు లోబడి పనిచేస్తున్నాయో గ్రహించడం మరొక ఎత్తు. కాంతి పోయిన దారినే తిరిగి రాగలదన్న నియమాన్ని పరిచయం చేయడం, ఆ నియమానికి మినహాయింపును సాధించడానికి శాస్త్రవేత్తలు చేసిన కృషిని వివరించడం, తద్వారా విద్యార్థులలో ప్రశ్నించే స్వభావాన్ని పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

బస్సు వెనుక వరుసలో కూర్చున్న ప్రయాణికుడు తలెత్తి చూస్తే, డ్రైవరు తలపైన బిగించిన అద్దంలో డ్రైవరు కళ్లు కనిపిస్తాయి. సరిగ్గా అదే సమయంలో డ్రైవరుకు కూడా ఆ ప్రయాణికుని కళ్లు కనిపిస్తాయి. ఒకరి చూపు మరొకరికి అందిందంటే, రెండవవారి చూపు మొదటివారికి అంది తీరవలసిందే. మధ్యలో ఎన్ని అద్దాలున్నా, ఎన్ని కటకాలున్నా, నీరున్నా, పొగమంచున్నా ఈ సంగతి మారదు. మసకబారిన గాజుపలక సైతం రెండు వైపుల నుంచి వచ్చే వెలుగును ఒకే పాళ్లలో మింగుతుంది, ఒకే పాళ్లలో విడిచిపెడుతుంది. వెలుగు రాకపోకల విషయంలో ప్రకృతికి పక్షపాతం లేదు. ఈ గుణాన్నే భౌతికశాస్త్రంలో పరస్పరత అంటారు.

ఈ భావన ఒక్క రోజులో పుట్టింది కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండుకు చెందిన స్టోక్స్, జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్జ్ దీనిని వేరువేరు సందర్భాలలో ప్రతిపాదించారు. 1896లో డచ్చి శాస్త్రవేత్త లోరెంజ్ విద్యుదయస్కాంత సమీకరణాల ఆధారంగా దీనికి గణిత రూపం కల్పించారు. ఒకచోట ఉన్న దీపం వెలుగు మరొక చోటికి ఎంత మేరకు చేరుతుందో, దీపాన్ని ఆ రెండవ చోట ఉంచినప్పుడు మొదటి చోటికి కూడా అంతే మేరకు చేరుతుందన్నది స్థూలంగా దాని సారాంశం. రేడియో ఏంటెన్నాలకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. ఒక ఏంటెన్నా ఏ దిశలో బాగా ప్రసారం చేయగలదో, ఆ దిశ నుంచే సంకేతాలను బాగా గ్రహించగలదు.

ఇక్కడ విద్యార్థులకు ఒక సందేహం కలగవచ్చు. ఇవతలి నుంచి అవతలికి కనిపిస్తూ, అవతలి నుంచి ఇవతలికి కనిపించని అద్దాలు ఉన్నాయి కదా! విచారణ గదులలోను, కొన్ని కార్యాలయాలలోను అటువంటివి అమర్చుతారు కదా! నిజానికి ఆ అద్దం రెండు వైపులకూ సమానంగానే కాంతిని పంపుతుంది. చూసేవారి గదిని చీకటిగాను, చూడబడేవారి గదిని వెలుతురుగాను ఉంచడంలోనే కిటుకు ఉంది. పట్టపగలు ఇంట్లో నుంచి కిటికీ తెర గుండా వీధి కనిపిస్తుంది. వీధిలోని వారికి ఇల్లు కనిపించదు. రాత్రి ఇంట్లో దీపం వెలిగించగానే పరిస్థితి తారుమారవుతుంది. ఇందులో తెర గొప్పతనం ఏమీ లేదు. ఉన్నదల్లా వెలుతురులోని తేడాయే.

పరస్పరత ఇంత సహజమైన గుణమైతే, దానిని అతిక్రమించవలసిన అవసరం ఎందుకు వచ్చింది? దీనికి సమాధానం లేజరు పరికరంలో లభిస్తుంది. 1960లో అమెరికాలో మైమన్ తొలి లేజరును వెలిగించారు. నేడు సముద్రాల అడుగున పరచిన గాజు తంతువుల ద్వారా దేశదేశాల సమాచారాన్ని మోసేది లేజరు కాంతియే. లేజరు చాలా సుకుమారమైన పరికరం. దాని నుంచి వెలువడిన కాంతిలో కొద్దిపాటి భాగం ఎక్కడో ఒక అతుకును తాకి, పరావర్తనం చెంది తిరిగి లేజరులోకి ప్రవేశిస్తే చాలు, దాని పనితీరు అస్తవ్యస్తమవుతుంది. కాంతి తీవ్రత చలిస్తుంది. రంగు స్థిరంగా నిలవదు. తన ప్రతిధ్వని తన చెవిన పడి తడబడే గాయకుని వంటిది దాని స్థితి. కనుక లేజరు ముందు ఒక కావలివాడు కావాలి. ఆ కావలివాడు పోయే వెలుగును పోనివ్వాలి, తిరిగి వచ్చే వెలుగును ఆపివేయాలి. ఇటువంటి పరికరాన్ని ఐసొలేటర్ అంటారు.

ఈ కావలివానికి మొదటి ఆధారం లేజరు పుట్టడానికి నూరేళ్లకు పైబడిన ముందే దొరికింది. 1845లో మైకేల్ ఫారడే సీసం కలిసిన బరువైన గాజును బలమైన అయస్కాంతం దగ్గర ఉంచి, దాని గుండా ధ్రువణం చెందిన కాంతిని పంపారు. ధ్రువణం అంటే కాంతి తరంగపు కంపనాలు ఒకే తలంలో జరగడం. అయస్కాంత ప్రభావం వల్ల ఆ కంపన తలం కొంత కోణం మేరకు తిరిగినట్లు ఫారడే గమనించారు. కాంతికి, అయస్కాంతత్వానికి సంబంధం ఉన్నదని లోకానికి తెలిసింది ఆనాడే.

పంచదార ద్రావణం కూడా కంపన తలాన్ని తిప్పగలదు. అయితే ఈ రెండింటికీ ముఖ్యమైన భేదం ఉంది. పంచదార ద్రావణం గుండా వెళ్లిన కాంతిని అదే దారిలో వెనుకకు పంపితే, పోయేటప్పుడు పడిన మెలిక వచ్చేటప్పుడు విప్పుకొంటుంది. అయస్కాంతం వల్ల పడిన మెలిక విప్పుకోదు. వచ్చేటప్పుడు అది రెట్టింపవుతుంది. ఎందుకంటే, ఏ వైపు తిప్పాలో నిర్ణయించేది అయస్కాంత క్షేత్రం దిశ మాత్రమే. కాంతి ప్రయాణించే దిశతో దానికి నిమిత్తం లేదు.

ఈ విశేషాన్ని ఆధారం చేసుకొని ఐసొలేటర్ నిర్మాణం జరిగింది. ముందుగా ఒక ధ్రువణ ఫలకం గుండా పోయిన కాంతి నిలువు తలంలో కంపిస్తుంది. తరువాత అయస్కాంతంలోని స్ఫటికం దానిని 45 డిగ్రీలు తిప్పుతుంది. రెండవ ధ్రువణ ఫలకాన్ని ఆ కోణంలోనే అమర్చుతారు కనుక కాంతి నిరాటంకంగా బయటపడుతుంది. తిరిగి వచ్చే కాంతి స్ఫటికంలో మరో 45 డిగ్రీలు తిరుగుతుంది. మొత్తం 90 డిగ్రీలు. నిలువు కంపనాలకు మాత్రమే దారి ఇచ్చే మొదటి ఫలకం అడ్డంగా కంపించే ఈ కాంతిని రానివ్వదు. తలుపు మూసుకుపోయినట్లే.

ఇటువంటి ఏకముఖ ద్వారం ఆనాటి శాస్త్రవేత్తలను పెద్ద చిక్కులో పడవేసింది. సమాన ఉష్ణోగ్రత గల రెండు వస్తువుల నడుమ ఈ ద్వారాన్ని ఉంచామనుకొందాం. మొదటి వస్తువు వెలువరించే వికిరణం రెండవదానికి చేరుతుంది. రెండవదాని వికిరణం మొదటిదానికి చేరదు. అప్పుడు మొదటిది చల్లబడుతూ, రెండవది వేడెక్కుతూ పోవాలి. ఖర్చు లేకుండా చల్లనిది వేడిదానికి వేడిని అందించినట్లవుతుంది. ఇది ఉష్ణగతిక శాస్త్రంలోని రెండవ నియమానికి విరుద్ధం కాదా? 1901లో లార్డ్ రేలీ ఈ చిక్కును చర్చించి విడదీశారు. ద్వారం దగ్గర ఆగిపోయిన కాంతి అంతర్ధానం కాదు. అది ధ్రువణ ఫలకంలో శోషణం చెందితే, ఆ ఫలకం వేడెక్కి తానే వికిరణాన్ని వెలువరిస్తుంది. పక్కకు పరావర్తనం చెందితే, ఆ పక్కదారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మొత్తం లెక్క చూసినప్పుడు రెండవ నియమానికి ఏ లోపమూ రాదు. ఆపిన వెలుగుకు మరొక దారి చూపక తప్పదన్నది ఇందులోని నీతి.

ఫారడే సూత్రంతో పనిచేసే ఐసొలేటర్లు నేటికీ విరివిగా వాడుకలో ఉన్నాయి. గాజు తంతువుల సమాచార వ్యవస్థలో వాడే మంచి ఐసొలేటర్ తిరిగి వచ్చే కాంతిని వెయ్యోవంతుకు, అంతకంటే తక్కువకు తగ్గించగలదు. మరి కొరత ఏమిటి? పరిమాణం, పదార్థం. ఈ పరికరాలకు గార్నెట్ జాతి స్ఫటికాలు కావాలి, వాటికి తోడు అయస్కాంతం కావాలి. నేడు లేజరు, కాంతిని నడిపే కాలువలు, కాంతిని గ్రహించే పరికరాలు అన్నీ వేలిగోరు మీద పట్టే సిలికాన్ చిప్‌లో ఇముడుతున్నాయి. సిలికాన్ అణువుల అమరిక వేరు, గార్నెట్ అణువుల అమరిక వేరు. ఒకదానిపై మరొకదానిని పెంచడం కష్టసాధ్యం. పైగా చిప్ తయారీ కర్మాగారాలు కొత్త పదార్థాలను సులభంగా లోపలికి రానివ్వవు. ఇల్లు అగ్గిపెట్టెలో ఇమిడింది గాని, ఇంటి కావలివాడు ఇమడలేదు!

ఇటువంటి సందర్భంలో శాస్త్రవేత్తలు మూలానికి వెళ్లారు. పరస్పరత నియమం ఎప్పుడు వర్తిస్తుంది? లోరెంజ్ సిద్ధాంతాన్ని పరిశీలిస్తే అందులో మూడు షరతులు కనిపిస్తాయి. మొదటిది, పదార్థం మీద అయస్కాంతం వంటి దిశాప్రభావం ఉండకూడదు. రెండవది, పదార్థం గుణాలు కాంతి తీవ్రతను బట్టి మారకూడదు. మూడవది, ఆ గుణాలు కాలంతోపాటు మారకూడదు. ఈ మూడింటిలో ఏ ఒక్క షరతును సడలించినా పరస్పరతను తప్పించుకొనే అవకాశం ఏర్పడుతుంది. ఫారడే మార్గం మొదటి షరతును సడలిస్తుంది. రెండవ షరతును సడలించే ప్రయత్నాలు కూడా జరిగాయి గాని, వాటిలో ఒక లోపం ఉన్నదని 2015లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నిరూపించారు. ముందుకు పోయే బలమైన కాంతి ద్వారాన్ని తెరచి ఉంచిన సమయంలోనే, వెనుకకు వచ్చే బలహీనమైన కాంతి కూడా అదే ద్వారం గుండా జారుకొంటుంది. దొర వెంట దొంగ ప్రవేశించినట్లన్నమాట. కాబట్టి మూడవ షరతు మీద శాస్త్రవేత్తల దృష్టి నిలిచింది. అదే కాలం.

కాలంతో మారే పదార్థం కాంతికి దిశాభేదాన్ని ఎలా కల్పిస్తుందో తెలుసుకోవడానికి ముందు, కదిలే పదార్థం సంగతి చూద్దాం. 1851లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫీజో గొట్టాలలో నీటిని వేగంగా ప్రవహింపజేసి, ఒక కాంతి పుంజాన్ని ప్రవాహం వెంట, మరొక పుంజాన్ని ప్రవాహానికి ఎదురుగా పంపారు. రెండింటి వేగాలలో స్వల్పమైన తేడా కనిపించింది. వాలున పోయే పడవకు, ఎదురెక్కే పడవకు గోదావరిలో ఒకే వేగం ఉండదు కదా! కాంతి విషయంలో నీరు తన వేగంలో కొంత భాగాన్ని మాత్రమే కాంతికి అందిస్తుంది. ఏమైనా ఇక్కడ రెండు దిశలు సమానం కావు. పరస్పరత భంగపడింది.

అయితే ఆ ప్రయోగంలో నీటి వేగం సెకనుకు సుమారు 7 మీటర్లు. నీటిలో కాంతి వేగం సెకనుకు సుమారు 2,25,000 కిలోమీటర్లు. ఇంతటి అంతరం ఉన్నప్పుడు కలిగే ఫలితం అత్యల్పం. పదార్థాన్ని కాంతితో పోల్చదగిన వేగంతో పరుగెత్తించడం చిప్‌లో అసాధ్యం. మరి పదార్థాన్ని కదపకుండానే కదలికను సృష్టించగలమా?

గాలి వీచినప్పుడు కోతకు వచ్చిన వరిచేనును చూడండి. చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు అలలు అలలుగా సాగిపోతున్నట్లు కనిపిస్తుంది. నిజానికి ఏ వరి దుబ్బూ తన చోటు విడిచి పోదు. ఒక్కొక్క కంకి కాస్త ముందుకు వంగి, మళ్లీ లేస్తుంది. ఒకదాని తరువాత ఒకటి వంగడం వల్ల అల పరుగెత్తుతుంది. వినాయక చవితి పందిళ్లకు కట్టే విద్యుద్దీపాల తోరణాన్ని గమనించినా ఇదే తెలుస్తుంది. బల్బులు కదలవు. అవి వరుసగా వెలిగి ఆరడం వల్ల వెలుగు పరుగు తీస్తున్నట్లు తోస్తుంది. కదిలేది వస్తువు కాదు, దాని స్థితి. వస్తువు కాంతి వేగాన్ని మించి పోలేదు గాని, ఇటువంటి స్థితి మార్పుకు ఆ నిర్బంధం కూడా లేదు.

ఈ సూత్రాన్నే కాంతి విషయంలో ప్రయోగించారు. కాంతి పదార్థంలో ఎంత నెమ్మదిస్తుందో తెలిపే సంఖ్యను వక్రీభవన గుణకం అంటారు. విద్యుత్తు ద్వారానో, ధ్వని తరంగాల ద్వారానో ఈ గుణకాన్ని కొద్దిగా పెంచవచ్చు, తగ్గించవచ్చు. కాంతి నడిచే కాలువ పొడవునా ఈ హెచ్చుతగ్గులను ఒక క్రమంలో, ఒకదాని వెనుక ఒకటిగా కలిగిస్తే, గుణకం అలలాగా ఒక దిశలో పరుగెత్తుతుంది. చోటును బట్టి మారుతుంది, కాలాన్ని బట్టి కూడా మారుతుంది. దీనినే స్థల కాల మాడ్యులేషన్ అంటారు. ఇక్కడ రెండూ అవసరమే. చోటును బట్టి మాత్రమే మారే గుణకం నిశ్చలమైన జాలకం వంటిది. దానికి ముందు వెనుకల భేదం లేదు. అంతటా ఒకే మారు పెరిగి తగ్గే గుణకానికి కూడా దిశ లేదు. అల ఒకవైపు సాగినప్పుడే ఆ పదార్థానికి ‘ఇది ముందు, ఇది వెనుక’ అన్న వివేకం కలుగుతుంది.

ఈ అలను కలిసిన కాంతికి ఏమవుతుంది? కాంతికి శక్తి ఉంది, ద్రవ్యవేగం ఉంది. అలకు కూడా తనదైన శక్తి, ద్రవ్యవేగం ఉన్నాయి. కాంతి అల నుంచి ఒక పాలు స్వీకరిస్తే, శక్తి, ద్రవ్యవేగం రెండూ కలిసే మారాలి. దీనిని మెట్ల దారితో పోల్చవచ్చు. ఒక మెట్టు ఎక్కాలంటే పాదం కొంత ఎత్తుకు లేవాలి, కొంత దూరం ముందుకు సాగాలి. ఆ ఎత్తులో, ఆ దూరంలో మెట్టు ఉంటేనే పాదం ఆనుతుంది. లేకుంటే అడుగు పడదు. కాంతి కాలువలో కూడా ఏయే శక్తికి ఏయే ద్రవ్యవేగం చెల్లుతుందో ముందే నిర్ణయమై ఉంటుంది. వాటిని మోడ్‌లు అంటారు. అలతోపాటు ఒకే దిశలో ప్రయాణించే కాంతికి సరిగ్గా అందే చోట మరొక మోడ్ ఉండేలా కాలువను రూపొందిస్తారు. అప్పుడు ఆ కాంతి మెట్టెక్కి కొత్త మోడ్‌లోకి మారిపోతుంది. అలకు ఎదురుగా వచ్చే కాంతికి లెక్క సరిపోదు. దానికి ఎక్కవలసిన చోట మెట్టు ఉండదు. కనుక అది ఏ మార్పూ లేకుండా నేరుగా సాగిపోతుంది. మారిన మోడ్‌ను వడపోసి తొలగిస్తే ఏకముఖ ద్వారం సిద్ధమైనట్లే. అయస్కాంతంతో పని లేదు, గార్నెట్‌తో పని లేదు.

స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జోంగ్‌ఫు యూ, షాన్‌హుయ్ ఫాన్ 2009లో ఈ ఆలోచనను సిద్ధాంతంగా ప్రకటించారు. 2012లో కార్నెల్ విశ్వవిద్యాలయంలోని మికాల్ లిప్సన్ బృందం వారితో కలిసి సిలికాన్ చిప్ మీద దీనిని ప్రయోగపూర్వకంగా చూపించింది. ఆ తొలి పరికరంలో రెండు దిశల మధ్య భేదం స్వల్పమే. కాంతి నష్టమూ అధికమే. కాని దారి ఉన్నదని రుజువైంది.

వేగంగా మార్చడంలోని కష్టం ఎంతటిదో ఒక లెక్కతో తెలుస్తుంది. సమాచార వ్యవస్థలో వాడే 1550 నానోమీటర్ల కాంతి సెకనుకు సుమారు 193 లక్షల కోట్ల సార్లు కంపిస్తుంది. విద్యుత్తుతో పదార్థాన్ని మార్చగల వేగం సెకనుకు వెయ్యి కోట్ల సార్లు అనుకొన్నా, కాంతి కంపనం దానికి ఇరవై వేల రెట్లు. అంటే కాంతి ముందు మన అల నత్తనడక నడుస్తున్నట్లే. పైగా సిలికాన్‌లో ఈ పద్ధతిన గుణకం మారేది వెయ్యోవంతుకు లోపే. అందువల్ల ఫలితం కూడగట్టుకోవడానికి పొడవైన కాలువ కావాలి, లేదా కాంతి అనేక మార్లు చుట్టు తిరిగే వలయం కావాలి.

ఇక్కడ ధ్వని సహాయానికి వచ్చింది. ఘనపదార్థంలో ధ్వని వేగం సెకనుకు కొన్ని కిలోమీటర్లు మాత్రమే. కాబట్టి సెకనుకు కొన్ని వందల కోట్ల సార్లు కంపించే అతిధ్వని తరంగం పొడవు, కాంతి తరంగం పొడవుతో సరితూగేటంత చిన్నది. మెట్టు ఎత్తు తక్కువే గాని వెడల్పు చాలినంత ఉంటుంది. ధ్వని అలలు కాంతిని మళ్లించగలవన్న విషయం మన దేశానికి కొత్త కాదు. 1922లో బ్రిలువా ఊహించిన ఈ దృగ్విషయానికి, బెంగుళూరులో సర్ సి.వి. రామన్, నాగేంద్రనాథ్ గార్లు 1935, 1936 సంవత్సరాలలో సమగ్రమైన సిద్ధాంతాన్ని అందించారు. రామన్-నాథ్ వివర్తనం అన్న పేరు ప్రపంచమంతటా పాఠ్యగ్రంథాలలో నిలిచి ఉంది. సూరి భగవంతం గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులుగా ఉండి, అతిధ్వని తరంగాల వల్ల కాంతి పొందే వివర్తనం గురించి బి. రామచంద్రరావు గారితో కలిసి పరిశోధన చేశారు. విశాఖపట్నపు ప్రయోగశాలలో నాడు పరిశీలించిన ధ్వని, కాంతుల కలయికే నేడు మరొక రూపంలో అక్కరకు వస్తున్నది. 2018లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సిలికాన్‌లో ధ్వని తరంగాల ద్వారా కాంతికి దిశాభేదాన్ని కల్పించారు. 2021లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో గౌరవ్ బాల్ బృందం లిథియం నయోబేట్ స్ఫటికపు వలయంలో, కేవలం విద్యుత్తుతో పుట్టించిన ధ్వని సహాయంతో, కాంతి నష్టం తక్కువగా ఉండే ఐసొలేటర్‌ను సాధించింది.

ఇదే సూత్రం ధ్వనికి, రేడియో తరంగాలకు కూడా వర్తించడం విశేషం. 2014లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఆండ్రియా అలూ బృందం ఒక లోహపు వలయంలో చిన్న ఫ్యాన్లు అమర్చి గాలిని సుడి తిప్పింది. వలయానికి మూడు ద్వారాలు. ఒకటవ ద్వారం నుంచి పంపిన శబ్దం రెండవ ద్వారానికి మాత్రమే చేరింది. రెండవదాని నుంచి పంపినది మూడవదానికే చేరింది. అదే సంవత్సరం ఆ బృందమే గాలి లేకుండా, ఏ వస్తువునూ తిప్పకుండా రేడియో తరంగాలతో ఈ ఫలితాన్ని సాధించింది. మూడు విద్యుత్ వలయాలను తీసుకొని, వాటి గుణాలను ఒకదాని తరువాత ఒకటిగా మార్చారు. పందిరి దీపాల వలె మార్పు గుండ్రంగా పరుగెత్తింది. వస్తువు తిరగలేదు గాని, తిరిగిన ఫలితం వచ్చింది.

దీని ప్రయోజనం రేడియో సమాచారంలో స్పష్టంగా కనిపిస్తుంది. సాధారణంగా ఒకే ఏంటెన్నాతో, ఒకే పౌనఃపున్యంలో, ఒకే సమయంలో మాట్లాడటం, వినడం రెండూ సాధ్యం కావు. తాను పంపే బలమైన సంకేతం తన చెవినే గింగురుమనిపిస్తుంది. పంపేది ఏంటెన్నాకు, ఏంటెన్నా నుంచి వచ్చేది గ్రాహకానికి మాత్రమే చేరేలా దారి మళ్లించగలిగితే ఈ ఇబ్బంది చాలావరకు తొలగుతుంది. 2016లో కొలంబియా విశ్వవిద్యాలయంలో నెగర్ రైస్కరిమియన్, హరీశ్ కృష్ణస్వామి అయస్కాంతం లేని అటువంటి పరికరాన్ని సాధారణ సిలికాన్ చిప్ మీద నిర్మించారు. పరిమితమైన రేడియో పౌనఃపున్యాలను పొదుపుగా వాడుకోవడానికి ఇది ఒక మార్గం.

సౌరశక్తికి కూడా ఈ పరిశోధనతో సంబంధం ఉంది. ఏ వస్తువు కాంతిని బాగా గ్రహించగలదో అది అంతే బాగా వెలువరిస్తుందని కిర్కాఫ్ పందొమ్మిదవ శతాబ్దంలో చెప్పారు. అందువల్ల సూర్యకాంతిని గ్రహించే ఫలకం కొంత శక్తిని తిరిగి సూర్యుని వైపే వెలువరించి నష్టపోతుంది. పరస్పరతకు లోబడిన ఫలకాలు ఎన్ని పొరలుగా పేర్చినా, ఎంతగా కాంతిని కేంద్రీకరించినా, సిద్ధాంతరీత్యా 86.8 శాతానికి మించి శక్తిని మార్చలేవు. పరస్పరత లేని ఏర్పాటుకు ఆ హద్దు 93.3 శాతం. ఇవి కాగితం మీది హద్దులే గాని నేటి ఫలకాల సామర్థ్యం కాదు. అయినా ప్రకృతి గీసిన గీత ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడం కూడా విజ్ఞానంలో భాగమే.

కొత్త మార్గంలో ఉత్సాహంతోపాటు తొందరపాటు కూడా ఉంటుంది. ఒక దిశలో ఒక మోడ్‌ను పంపి, మరొక దిశలో వేరొక మోడ్‌ను పంపి, రెండు ఫలితాలూ వేరుగా ఉన్నాయి కనుక పరస్పరత భంగమైందని కొందరు భావించారు. గుంతలోని బంతిని పైకి తేవడం కష్టమని, పైనున్న బంతిని గుంతలోకి దొర్లించడం తేలికని చెప్పి, దారికే దిశాభేదం ఉన్నదని వాదించడం వంటిదే ఇది. 2013లో పలు దేశాలకు చెందిన పరిశోధకులు కలిసి, ఏది నిజమైన ఐసొలేటర్, ఏది కాదు అన్న విషయాన్ని ఒక వ్యాసంలో స్పష్టం చేశారు. వెనుక నుంచి ఏ రూపంలో వచ్చిన కాంతినైనా ఆపగలిగినదే నిజమైన ఐసొలేటర్. శాస్త్రంలో కొత్తదానిని కనుగొనడం ఎంత ముఖ్యమో, కనుగొన్నామనుకొన్నదానిని నిష్కర్షగా పరీక్షించుకోవడం అంతే ముఖ్యం.

నేటికీ సమస్యలు తీరలేదు. అలను నిరంతరం పరుగెత్తించడానికి విద్యుచ్ఛక్తి ఖర్చవుతుంది. చాలా పరికరాలు కొద్దిపాటి రంగుల పరిధిలోనే పనిచేస్తాయి. గార్నెట్ ఐసొలేటర్లకు విద్యుత్తు అవసరం లేదు. వాటి పనితీరుతో పోటీపడటం సులభం కాదు. మరోవైపు, పదార్థాన్ని కాంతి కంపనంతో పోల్చదగిన వేగంతో మార్చే ప్రయత్నాలు సాగుతున్నాయి. ఫోను తెరలలో వాడే ఇండియం టిన్ ఆక్సైడ్ పొరను లేజరు మెరుపులతో అత్యల్ప కాలంలో మార్చవచ్చునని తెలిసింది. 2023లో లండన్‌లోని ఇంపీరియల్ కళాశాల పరిశోధకులు ఈ పొర పరావర్తన శక్తిని వెంటవెంటనే రెండు మార్లు పెంచి, కాలంలోనే రెండు చీలికలను సృష్టించారు. థామస్ యంగ్ రెండు చీలికల గుండా కాంతిని పంపినప్పుడు తెర మీద చారలు కనిపించాయి. ఈ ప్రయోగంలో చారలు చోటులో గాక, కాంతి రంగులలో కనిపించాయి. నత్తనడక నడిచిన అల క్రమంగా అడుగుల వేగం పెంచుతున్నది.

ఒక్కసారి వెనుదిరిగి చూద్దాం. పరస్పరత నియమాన్ని ఎవరూ అబద్ధమని నిరూపించలేదు. అది నేటికీ నిజమే. కాని ప్రతి నియమం తన షరతులను వెంటబెట్టుకొని వస్తుంది. ఆ షరతులను చదవకుండా నియమాన్ని మాత్రమే వల్లించేవానికి ఎదురుగా గోడ కనిపిస్తుంది. షరతులను శ్రద్ధగా చదివేవానికి ఆ గోడలో తలుపు కనిపిస్తుంది. ‘పదార్థం కాలంతో మారకూడదు’ అన్న చిన్న వాక్యం దగ్గర ఆగి, ‘మారితే ఏమవుతుంది?’ అని ప్రశ్నించడంతో ఈ కథ మొదలైంది. తరగతి గదిలో నేర్చుకొనే ప్రతి సూత్రం పక్కన అటువంటి చిన్న వాక్యం ఒకటి ఉంటుంది. దానిని వెదికి చదవడం విద్యార్థి వంతు.

అభ్యాసం

1. పరస్పరత అంటే ఏమిటి? బస్సు అద్దం ఉదాహరణతో వివరించండి.

2. పంచదార ద్రావణం, అయస్కాంత క్షేత్రం కాంతి కంపన తలాన్ని తిప్పే తీరులో గల భేదాన్ని తెలపండి.

3. ఏకముఖ ద్వారం వల్ల ఉష్ణగతిక శాస్త్రపు రెండవ నియమానికి భంగం కలగదని ఎలా చెప్పగలం?

4. వరిచేను, పందిరి దీపాల పోలికల ద్వారా రచయిత వివరించిన విషయం ఏమిటి?

5. ‘ప్రతి నియమం తన షరతులను వెంటబెట్టుకొని వస్తుంది’ అన్న వాక్యాన్ని మీరు చదివిన మరొక శాస్త్ర నియమానికి అన్వయించి ఒక వ్యాసం రాయండి.